దేశానికంతటికీ ఒకే గడియారం

అరుణాచల్ ప్రదేశ్‌లో, దేశానికి తూర్పు కొసన, డోంగ్ అనే చిన్న గ్రామం ఉంది. జూన్ నెలలో అక్కడ గడియారం నాలుగు గంటలు దాటగానే సూర్యుడు కనిపిస్తాడు. అదే రోజున పడమటి కొసన, గుజరాత్ తీరంలోని ద్వారకలో సూర్యోదయం కావాలంటే ఆరు గంటలు దాటాలి. డోంగ్‌లో ఎండ పరచుకునే వేళకు ద్వారకలో ఇంకా చుక్కలు కనిపిస్తూనే ఉంటాయి. డిసెంబరులో అస్సాంలోని గౌహతి నగరంలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. కార్యాలయాలలో పని ముగియకముందే దీపాలు వెలిగించుకోవాలి. ద్వారకలో అప్పటికి సూర్యుడు సముద్రంమీద ఇంకా చాలా ఎత్తున ఉంటాడు. అక్కడ ఆరు గంటల వరకు వెలుతురుకు లోటుండదు.

అయినా ఈ మూడు ఊళ్ళలోనూ గోడమీది గడియారం ఏ క్షణంలోనైనా ఒకే సమయాన్ని చూపుతుంది. సూర్యుడు చెప్పే సమయం ఒకటి, గడియారం చెప్పే సమయం మరొకటి. ఈ రెండింటి మధ్య ఎడం ఎలా ఏర్పడింది, దానిని ఎవరు నిర్ణయించారు, దాని భారం ఎవరిమీద పడుతున్నది అనే ప్రశ్నలకు సమాధానం భూగోళశాస్త్రంలో కొంత, చరిత్రలో మరింత దొరుకుతుంది.

భూగోళశాస్త్రం చెప్పేది సులభమే. భూమి తన చుట్టూ తాను 360 డిగ్రీలు తిరగడానికి 24 గంటలు పడుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాలు. భూమి పడమటి నుండి తూర్పుకు తిరుగుతుంది కనుక తూర్పున ఉన్న ఊరికి సూర్యుడు ముందుగా కనిపిస్తాడు. ఆంధ్రప్రదేశ్ ఈశాన్యపు అంచున ఉన్న ఇచ్ఛాపురానికీ, నైరుతిన ఉన్న అనంతపురానికీ మధ్య సుమారు ఏడు డిగ్రీల రేఖాంశ భేదం ఉంది. కాబట్టి ఇచ్ఛాపురంలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన 28 నిమిషాల తరువాతగాని అనంతపురంలో నడినెత్తికి రాడు. ఒక రాష్ట్రంలోనే అరగంట తేడా ఉన్నప్పుడు, ద్వారకకూ డోంగ్‌కూ మధ్య గంటా యాభై నిమిషాలకు పైగా తేడా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ఈ విషయం మన ప్రాచీనులకు తెలియనిది కాదు. వారు పగలూ రాత్రీ కలిపి అరవై గడియలుగా విభజించారు. అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీటిలో తేలవిడిచి, అది నిండి మునగడానికి పట్టే కాలాన్ని ఒక గడియగా లెక్కించారు. నేటి లెక్కలో అది 24 నిమిషాలు. గడియారమనే మాటలో ఆ గడియ ఇప్పటికీ నిలిచి ఉంది. ఆర్యభటుడు తన గ్రంథంలో లంక, సిద్ధపురం, యమకోటి, రోమకం అనే నాలుగు స్థలాలను పేర్కొని, లంకలో సూర్యోదయమైనప్పుడు యమకోటిలో మధ్యాహ్నమనీ, సిద్ధపురంలో సూర్యాస్తమయమనీ, రోమకంలో అర్ధరాత్రి అనీ చెప్పాడు. ఈ స్థలాలు చాలావరకు ఊహాకల్పితాలే కావచ్చు. కాని ఒకే క్షణంలో భూమిమీద వేర్వేరు చోట్ల వేర్వేరు వేళలు ఉంటాయన్న జ్ఞానం ఊహ కాదు. మన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఉజ్జయిని మీదుగా పోయే రేఖను మూలరేఖగా గ్రహించి, దానికి తూర్పునగాని పడమటగాని ఉన్న ఊళ్ళకు దేశాంతర సంస్కారం చేసి పంచాంగాలు గుణించేవారు.

ఆ కాలంలో ప్రతి ఊరికీ తనదైన సమయం ఉండేది. దానివల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఎడ్లబండిపై ప్రయాణించేవాడు రోజుకు ఎంత దూరం పోయినా, సూర్యుని వేళలో వచ్చే తేడా ఒకటి రెండు నిమిషాలకు మించదు. దానిని గుర్తించే గడియారం అతని వద్ద లేదు, గుర్తించవలసిన అవసరమూ లేదు.

ఈ పరిస్థితిని తలక్రిందులు చేసింది రైలు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరం లండనుకు పడమట ఉండటంవల్ల అక్కడి స్థానిక కాలం లండను కాలానికి సుమారు పది నిమిషాలు వెనుక ఉండేది. లండనులో బయలుదేరిన రైలు ఏ ఊరి కాలం ప్రకారం ఏ స్టేషను చేరుతుందో ప్రయాణికునికి అంతుపట్టేది కాదు. పైగా ఒకే పట్టాలపై ఎదురెదురుగా వచ్చే రెండు బండ్ల డ్రైవర్లు రెండు వేర్వేరు గడియారాలను నమ్ముకుంటే జరిగేది ప్రమాదమే. అందుచేత గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1840లో తన స్టేషన్లన్నింటిలో లండను కాలాన్నే పాటించసాగింది. బ్రిస్టల్ వర్తకశాల గోడమీది గడియారానికి ఈనాటికీ రెండు నిమిషాల ముళ్ళు ఉన్నాయి. ఒకటి ఊరి కాలాన్ని, రెండవది రైలు కాలాన్ని చూపేవి. బ్రిటన్ దేశమంతటికీ ఒకే కాలమని చట్టం వచ్చినది 1880లో. అంటే రైలు ముందు నడిచింది, చట్టం నలభై ఏళ్ళు వెనుకగా నడిచింది. అమెరికాలో కూడా రైల్వే సంస్థలే చొరవ తీసుకొని, 1883 నవంబరు 18న తమ గడియారాలన్నింటినీ మండలాలవారీగా సరిచేసుకున్నాయి. ఆనాడు కొన్ని ఊళ్ళలో మధ్యాహ్నం పన్నెండు గంటలు రెండుసార్లు కొట్టిందట.

1884లో వాషింగ్టను నగరంలో జరిగిన అంతర్జాతీయ సమావేశం గ్రీనిచ్ మీదుగా పోయే రేఖాంశాన్ని సున్నా డిగ్రీల రేఖగా ఎన్నుకొంది. దానికి ప్రకృతిసిద్ధమైన కారణమేదీ లేదు. అక్షాంశాలకు భూమధ్యరేఖ సహజంగా దొరికింది. రేఖాంశాలకు అటువంటి హద్దు లేదు. ప్రపంచంలోని ఓడలలో అత్యధికం అప్పటికే గ్రీనిచ్ ఆధారంగా తయారైన పటాలను వాడుతున్నాయి కనుక ఆ గౌరవం గ్రీనిచ్‌కు దక్కింది. ఫ్రాన్సుకు ఇది రుచించలేదు. 1911 వరకు పారిస్ కాలాన్నే పట్టుకొని వేలాడి, చివరకు దారికి వచ్చినప్పుడు కూడా చట్టంలో గ్రీనిచ్ పేరెత్తకుండా, ‘పారిస్ కాలానికి 9 నిమిషాల 21 సెకన్లు తగ్గించిన కాలం’ అని రాసుకొంది. రెండూ ఒకటే. కాలాన్ని కొలిచే పనిలో దేశాభిమానానికి ఎంత చోటున్నదో ఈ ఒక్క వాక్యం చెబుతుంది.

సూత్రప్రాయంగా చూస్తే భూగోళాన్ని పదిహేనేసి డిగ్రీల వెడల్పుగల 24 కాలమండలాలుగా విభజించి, ఒక్కొక్క మండలానికి గంట చొప్పున తేడా ఉంచితే సరిపోతుంది. కాని పటంమీద ఈ మండలాల సరిహద్దులు తిన్నగా ఉండవు. దేశాల సరిహద్దులను, రాష్ట్రాల హద్దులను, ప్రభుత్వాల అభీష్టాన్ని అనుసరించి అవి వంకరలు తిరుగుతాయి. కొన్ని దేశాలు గంటల లెక్కకు కూడా లొంగలేదు. ఇరాన్, అఫ్గానిస్తాన్, భారత్, మయన్మార్ అరగంట లెక్కను పాటిస్తే, నేపాల్ 1986 నుండి గ్రీనిచ్ కంటే 5 గంటల 45 నిమిషాలు ముందుగా, అంటే మనకంటే పావుగంట ముందుగా, తన గడియారాన్ని నిలుపుకొంది.

భారతదేశ చరిత్రలో గడియారం కథ మద్రాసుతో మొదలవుతుంది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి విలియం పెట్రీ 1786లో తన సొంత ఖర్చుతో అక్కడ ఒక నక్షత్రశాలను నెలకొల్పాడు. కొద్ది సంవత్సరాలకే కంపెనీ దానిని స్వీకరించి, 1792లో నుంగంబాకంలో భవనం కట్టించింది. అక్కడ పనిచేసిన జాన్ గోల్డింగ్‌హామ్ మద్రాసు రేఖాంశాన్ని గణించి, 1802లో ఆ నగర కాలం గ్రీనిచ్ కంటే సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందున్నదని తేల్చాడు. రైళ్ళు వచ్చిన తరువాత ఈ లెక్కకు అనుకోని ప్రాధాన్యం లభించింది. కలకత్తా కాలం మద్రాసుకు సుమారు 32 నిమిషాలు ముందు, బొంబాయి కాలం సుమారు 30 నిమిషాలు వెనుక. రెండు మహానగరాలకు మద్రాసు ఇంచుమించు నడుమ ఉంది. ఒకరి గడియారాన్ని మరొకరు అంగీకరించని చోట మూడవవాని గడియారమే తగవు తీర్చింది. 1870 ప్రాంతం నుండి దేశంలోని రైల్వేలు మద్రాసు కాలాన్ని పాటించాయి. పెషావరులో రైలెక్కినవాడు కూడా మద్రాసులో ఎంతయిందో చూసుకొని స్టేషనుకు రావలసి వచ్చేది.

బొంబాయి ప్రజలు రైళ్ళకు మద్రాసు కాలాన్ని సహించారుగాని తమ ఊరికి సహించలేదు. 1881లో గవర్నరు జేమ్స్ ఫెర్గూసన్ ప్రభుత్వ కార్యాలయాలన్నీ మద్రాసు కాలాన్ని అనుసరించాలని ఉత్తరువు చేయగా నగరంలో తీవ్రమైన వ్యతిరేకత వచ్చి, రెండేళ్ళలోనే దానిని ఉపసంహరించుకోవలసి వచ్చింది. ఇది చిన్న తగాదాగా కనిపించవచ్చు. కాని ఏ అధికారం ప్రజల నిద్రను, మెలకువను శాసించగలదన్న ప్రశ్న అందులో ఉంది.

ఆ ప్రశ్న 1906లో మరింత బలంగా లేచింది. ఆ ఏడాది జనవరి ఒకటవ తేదీన భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. దానికి ఆధారం 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం. 82.5ను నాలుగుతో గుణిస్తే 330 నిమిషాలు, అంటే గ్రీనిచ్ కంటే సరిగ్గా ఐదున్నర గంటలు ముందు. దేశానికి దాదాపు మధ్యగా పోవడం, గ్రీనిచ్‌తో లెక్క అరగంటలో తేలడం ఈ రేఖకున్న అనుకూలతలు. ఉత్తర ప్రదేశ్‌లోని మీర్జాపూర్ సమీపం నుండి ఈ రేఖ దక్షిణంగా సాగి, ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడకు తూర్పున, అన్నవరం, తుని పరిసరాలలో సముద్రాన్ని చేరుతుంది. సంవత్సరపు సగటు లెక్కన, గడియారం పన్నెండు కొట్టినప్పుడు సూర్యుడు నిజంగా నడినెత్తిన ఉండే ప్రదేశాలు ఈ రేఖపై ఉన్నవే. హైదరాబాదులో అందుకు మరో 16 నిమిషాలు ఆగాలి.

మద్రాసుకు ఈ మార్పువల్ల వచ్చిన తేడా తొమ్మిది నిమిషాలే కనుక అక్కడ అలజడి లేదు. బొంబాయికి తేడా 39 నిమిషాలు. నూలుమిల్లుల కార్మికుని దృష్టిలో దీని అర్థం ఒక్కటే: గడియారాన్ని ముందుకు జరిపి, తెల్లవారకముందే తనను పనిలోకి పిలుస్తున్నారు. ఆ జనవరిలోనే వేలాదిమంది మిల్లు కార్మికులు పని మానివేసి నిరసన తెలిపారు. నగరపాలక సంస్థ కూడా పాత కాలాన్నే కొనసాగించింది. ఫలితంగా బొంబాయిలో రైల్వే స్టేషను గడియారం ఒకటి, ఊరి గడియారం మరొకటిగా దాదాపు అర్ధశతాబ్దం గడిచింది. కలకత్తా తన స్థానిక కాలాన్ని 1948లోనూ, బొంబాయి 1955లోనూ విడిచిపెట్టాయి. దేశం స్వతంత్రమైన ఎనిమిదేళ్ళకుగాని దేశమంతటికీ ఒక్క గడియారం కుదరలేదన్నమాట. మధ్యలో రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942 సెప్టెంబరు నుండి 1945 అక్టోబరు వరకు, ప్రభుత్వం దేశమంతటా గడియారాలను గంట ముందుకు జరిపింది. నేడు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సీజియం పరమాణు గడియారాల సహాయంతో భారత ప్రామాణిక కాలాన్ని నిర్వహిస్తున్నది.

యుద్ధకాలంలో గడియారాన్ని ముందుకు జరపడం ఇతర దేశాలలో అంతకుముందే మొదలైంది. దీనినే ‘డేలైట్ సేవింగ్ టైమ్’ అంటారు; పగటి వెలుతురును పొదుపు చేసుకొనే పద్ధతి అని దాని భావం. వెలిగించడానికి నూనెగాని విద్యుత్తుగాని ఖర్చవుతుంది, వేసవిలో తెల్లవారిన తరువాత కూడా నిద్రపోయేవాడు ఆ వెలుతురును వృథా చేస్తున్నాడు, కనుక గడియారాన్నే గంట ముందుకు తిప్పి అతణ్ణి ముందుగా లేపాలి — ఇదే ఇందులోని వాదం. న్యూజీలాండులో తపాలా శాఖలో పనిచేస్తూ తీరిక వేళల్లో కీటకాలను సేకరించిన జార్జ్ హడ్సన్ 1895లో ఈ ఆలోచనను ప్రతిపాదించాడు. పని ముగిశాక తన పురుగుల వేటకు వెలుతురు మిగలాలన్నది ఆయన కోరిక. ఇంగ్లండులో విలియం విల్లెట్ అనే గృహనిర్మాత 1907లో ఇదే విషయంపై కరపత్రం ప్రచురించి, మరణించేవరకు ప్రచారం చేశాడు. 1915లో ఆయన కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడాదే, 1916 ఏప్రిల్ 30న, యుద్ధంలో బొగ్గు పొదుపు కోసం జర్మనీ ఈ పద్ధతిని అమలు చేసింది. మూడు వారాలకు బ్రిటన్ అనుసరించింది.

నేడు అమెరికాలో అత్యధిక ప్రాంతాలు మార్చి రెండవ ఆదివారం నాడు తెల్లవారుజామున రెండు గంటలకు గడియారాన్ని మూడుకు జరుపుతాయి. నవంబరు మొదటి ఆదివారం నాడు తిరిగి గంట వెనుకకు తెస్తాయి. వసంతంలో ఒక ఆదివారానికి ఇరవైమూడు గంటలే ఉంటాయి, శరదృతువులో మరొక ఆదివారానికి ఇరవైఐదు. యూరప్ దేశాలు మార్చి, అక్టోబరు మాసాల చివరి ఆదివారాలను ఎంచుకున్నాయి. అమెరికాలోనే హవాయి రాష్ట్రం, అరిజోనాలో అధికభాగం ఈ పద్ధతికి దూరం. అరిజోనాలో మండుటెండలు; అక్కడివారు సాయంత్రం మరో గంట ఎండను కోరుకోవడంలేదంటే అర్థం చేసుకోవచ్చు. దక్షిణార్ధగోళంలో ఋతువులు తారుమారు కనుక సిడ్నీలో అక్టోబరులో గడియారం ముందుకు పోతుంది. పొరుగునున్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రం మాత్రం కదలదు.

ఈ మార్పు మనదేశంలో లేకపోయినా తెలుగువారి జీవితాలను తాకకపోలేదు. న్యూయార్కులో ఉదయం తొమ్మిది గంటలకు జరిగే సమావేశంలో హైదరాబాదు నుండి ఫోనులో పాల్గొనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి వేసవిలో అది సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. తన గడియారాన్ని అతడు ముట్టుకోడు, అయినా ఏడాదికి రెండుసార్లు అతని సాయంకాలం గంట జరుగుతుంది. అమెరికా తెలుగు కుటుంబాలకు పంచాంగం విషయంలో మరొక చిక్కు ఉంది. ఒక తిథి ముగిసే క్షణం ప్రపంచమంతటికీ ఒక్కటే. కాని సూర్యోదయం ఏ ఊరికావూరిదే. ఇక్కడ అచ్చయిన పంచాంగంలోని గంటలనుండి కాలభేదాన్ని తీసివేస్తే తిథి వేళలు సరిపోవచ్చుగాని, సూర్యోదయంపై ఆధారపడే రాహుకాలం వంటివి కుదరవు. అందుకే షికాగోకు, డల్లాసుకు వేర్వేరుగా గుణించిన పంచాంగాలు అవసరమవుతాయి. ఒక్కొక్క ఏడు ఉగాది పండుగ అక్కడ ఇక్కడికంటే ఒక తేదీ ముందుగా రావడానికీ ఇదే కారణం.

ఇంతకూ ఈ పద్ధతివల్ల నిజంగా పొదుపు జరుగుతున్నదా? అమెరికాలోని ఇండియానా రాష్ట్రం 2006లో మొదటిసారి రాష్ట్రమంతటా దీనిని అమలు చేసినప్పుడు పరిశోధకులు ఇళ్ళ విద్యుత్తు బిల్లులను పరిశీలించారు. వాడకం తగ్గకపోగా సుమారు ఒక శాతం పెరిగింది. దీపాలపై మిగిలినది శీతలయంత్రాలు, హీటర్లు తినివేశాయి. విల్లెట్ కాలంలో ఇళ్ళలో దీపాలే తప్ప శీతలయంత్రాలు లేవు. చమురు సంక్షోభం కారణంగా అమెరికా 1974 జనవరిలో, నడి చలికాలంలోనే, గడియారాన్ని ముందుకు జరిపింది. పిల్లలు కటికచీకటిలో బడికి నడవవలసి రావడంతో తల్లిదండ్రులు ఆందోళన చెందారు. మరుసటి చలికాలానికి మొదట్లోనే పాత కాలం తిరిగి వచ్చింది. యూరప్ పార్లమెంటు 2019లో ఈ మార్పిడిని రద్దు చేయాలని తీర్మానించినా, ఏ కాలాన్ని స్థిరపరచాలనే విషయంలో దేశాలమధ్య ఏకాభిప్రాయం కుదరక అది అమలు కాలేదు.

ఉష్ణమండలంలోని దేశాలకు ఈ గొడవ దాదాపు అనవసరం. లండనులో అత్యంత దీర్ఘమైన పగలు పదహారున్నర గంటలు, అత్యంత హ్రస్వమైనది ఎనిమిది గంటలకు లోపు. హైదరాబాదులో ఆ రెండింటి మధ్య తేడా రెండు గంటలకు కొంచెం ఎక్కువ. పొదుపు చేయడానికి మిగులు ఉండాలి కదా! బంగ్లాదేశ్ 2009లో విద్యుత్తు కొరత కారణంగా ఈ పద్ధతిని ప్రయత్నించి, ఆరు నెలలకే విరమించింది. శ్రీలంక 1996లో గడియారాన్ని ముందుకు జరిపి, 2006లో తిరిగి భారత కాలానికే చేరుకొంది.

కాబట్టి భారతదేశపు సమస్య వేసవికీ చలికాలానికీ సంబంధించినది కాదు, తూర్పుకూ పడమరకూ సంబంధించినది. పటం చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. గౌహతి ఢాకాకు తూర్పున ఉంది. అయినా బంగ్లాదేశ్ గడియారం గౌహతి గడియారం కంటే అరగంట ముందుంటుంది. సూర్యుణ్ణి ముందుగా చూసే ఊరు గడియారంలో వెనుకబడి ఉన్నదన్నమాట. ఈశాన్య రాష్ట్రాలలో వేసవిలో నాలుగున్నరకే తెల్లవారుతుంది. కార్యాలయాలు తెరిచేది తొమ్మిది, పది గంటలకు. ఆ మధ్యనున్న నాలుగైదు గంటల మంచి వెలుతురు ప్రజా కార్యకలాపాలకు అందకుండానే గడిచిపోతుంది. చలికాలంలో విద్యార్థులు ఇల్లు చేరేసరికే చీకటి పడుతుంది. ప్రత్యేక కాలమండలం కావాలని అక్కడివారు దశాబ్దాలుగా కోరుతున్నారు. 2014లో అస్సాం ముఖ్యమంత్రి తరుణ్ గొగోయ్ ఈ కోరికను బహిరంగంగా ప్రకటించారు.

2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఒక పరిష్కారాన్ని సూచించారు. ఈశాన్య రాష్ట్రాలకు, అండమాన్ నికోబార్ దీవులకు గ్రీనిచ్ కంటే ఆరున్నర గంటలు ముందుండే రెండవ ప్రామాణిక కాలం ఉండాలన్నారు. రెండు మండలాల సరిహద్దును అస్సాం, పశ్చిమ బెంగాల్ కలిసే ఇరుకైన ప్రాంతంలో, 89 డిగ్రీల 52 నిమిషాల రేఖాంశం వద్ద ఉంచవచ్చునన్నారు. అక్కడ రైళ్ళు సరిహద్దు దాటే చోట్లు చాలా తక్కువ. న్యూ కూచ్‌బెహార్, అలీపూర్‌ద్వార్ స్టేషన్లలో గడియారాలను మార్చుకుంటే చాలునని వారి అంచనా. దీనివల్ల ఏడాదికి సుమారు రెండు కోట్ల యూనిట్ల విద్యుత్తు మిగులుతుందని లెక్కగట్టారు. దేశపు మొత్తం వాడకంతో పోల్చితే ఇది స్వల్పం. అసలు లాభం యూనిట్లలో లేదు, ఈశాన్య ప్రజలకు దక్కే వెలుతురులో ఉంది. బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ పరిశోధకులు మరొక మార్గం చూపారు. మండలాలు విడగొట్టకుండా దేశమంతటి గడియారాన్నీ అరగంట ముందుకు జరిపి అక్కడే నిలిపివేయాలన్నారు. కాని అప్పుడు భారం పడమటివారిమీద పడుతుంది. జనవరిలో ఇప్పటికే ఏడుంపావు దాటాకగాని తెల్లవారని ద్వారకలో సూర్యోదయం ఎనిమిదికి దగ్గరవుతుంది.

వ్యతిరేకించేవారి వాదనలోనూ బలం ఉంది. ఒకే పట్టాలపై నడిచే రైళ్ళకు కాలం మారే చోట చిన్న పొరపాటు జరిగినా ప్రాణాలు పోతాయి. రైలు ప్రయాణాల భద్రత కోసమే కదా ప్రామాణిక కాలం పుట్టింది. బ్యాంకులు, విమానాలు, ఆకాశవాణి కార్యక్రమాలు అన్నీ రెండు లెక్కలు చూసుకోవాలి. ఈశాన్య ప్రాంతం ఇప్పటికే దూరమన్న భావం ఉన్నప్పుడు, గడియారం కూడా వేరైతే ఆ దూరం పెరుగుతుందని కొందరి భయం. చైనా ఈ వాదనను చివరంటా తీసుకుపోయింది. అరవై డిగ్రీలకు పైగా వ్యాపించిన ఆ దేశంలో 1949 తరువాత బీజింగ్ కాలమొక్కటే అధికారికం. పడమటి కొసన ఉన్న కష్గర్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఆ గడియారం మూడు గంటలకు చేరువవుతుంది. అక్కడి ప్రజలలో చాలామంది నిత్యజీవితంలో రెండు గంటలు వెనుకనుండే స్థానిక కాలాన్ని వాడుకుంటారు. చట్టం ఒక గడియారాన్ని నిర్ణయిస్తే, ఆకలీ నిద్రా మరొక గడియారాన్ని వెతుక్కున్నాయి.

భారత ప్రభుత్వం ఇంతవరకు రెండవ కాలమండలాన్ని అంగీకరించలేదు. కాని అస్సాం తేయాకు తోటలు ఎవరి తీర్మానం కోసమూ ఎదురుచూడలేదు. బ్రిటిష్ వారి కాలంనుండి అక్కడ ‘బాగాన్ టైమ్’, అంటే తోట కాలం, నడుస్తున్నది. తోటలోని గడియారం భారత ప్రామాణిక కాలానికి గంట ముందుంటుంది. ఆకు కోసే స్త్రీలు తోట గడియారంలో ఎనిమిదింటికి బుట్టలు వీపున తగిలించుకుంటే బయటి ప్రపంచంలో అప్పటికి ఏడు గంటలు. పొద్దు వాలకముందే వారు ఇల్లు చేరుకుంటారు. అదే కూలి మనిషి పట్నంలోని బ్యాంకులో పని ఉండి, తోట గడియారంలో పది కొట్టగానే చేరుకుంటే బ్యాంకు తలుపులు మూసి ఉంటాయి. లోపలి గోడమీది గడియారం తొమ్మిది చూపుతూ ఉంటుంది.